ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు అన్నీ ఒకే తీరుగా ఉండేలా ఇంట్లో ఏరుకోవడం ఎలా?

టిన్ను మూత తీయగానే పెల్లెట్లు (ఎయిర్ రైఫిల్లో గాలి ఒత్తిడితో కాల్చే చిన్న సీసం గుళ్లు) అరచేతిలోకి ఒంపుకుని ఒక్కోటి రైఫిల్లో పెట్టి కాల్చేస్తున్నారా? మేమూ రెండేళ్లు అట్లాగే చేశాం. మా పాప తొమ్మిదో తరగతి, పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, నెల్లూరు పొదలకూరు రోడ్డులో మా ఇంటి మిద్దె మీద రేకుల షెడ్డు వేసి ప్రాక్టీసుకు పెట్టాం. ఒకసారి పోటీకి విజయవాడ వెళ్లాం. ఇంటి దగ్గర షాటుకు తొమ్మిది పాయింట్లకు తగ్గకుండా కొట్టే పిల్లకి ఉన్నట్టుండి రెండు ఎనిమిదులు పడ్డాయి, ఆ టెన్షన్‌లో తర్వాతవీ చెదిరిపోయాయి, బయటికొచ్చి ఏడ్చింది. తప్పు తన చేతిదే అనుకుంది. ఇంటికొచ్చాక ఆ టిన్నులో మిగిలినవి ఒక్కోటీ వెలుతురులో పెట్టి చూస్తే పదిహేను దాకా అంచులు నొక్కుకుపోయి ఉన్నాయి. సగం ఖాళీ అయిన టిన్ను బస్సులో ఐదారు గంటలు గలగలలాడుతూ పోయింది, లోపల సీసం సీసాన్ని కొట్టుకుంటూనే ఉంది. ఆ రోజు నుంచి ఏరకుండా ఒక్క పెల్లెట్ కూడా పాప చేతికి ఇవ్వలేదు.

విదేశాల్లో తూటాలు ఇంట్లోనే మళ్లీ నింపుకునే షూటర్లు ఉంటారు, వాళ్లు ఇత్తడి కేసు పొడవు, మొత్తం తూటా పొడవు మిల్లీమీటరులో వందో వంతు వరకు కొలుచుకుంటారు, ప్రతి తూటా బ్యారెల్‌లో ఒకే చోట కూర్చోవాలని. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం, ఆ జోలికి పోవద్దు. 4.5 మి.మీ. బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు, పిల్లలు పోటీల్లో వాడేది అదే. కానీ వాళ్ల పట్టుదల వెనక ఉన్న లెక్క మనకీ వర్తిస్తుంది, ప్రతిదీ ఒకే కొలతలో ఉండాలి, ఒకే లోతులో కూర్చోవాలి.

ఎంత తేడా వస్తే ఎంత నష్టమో ముందు తెలుసుకోండి, లేకపోతే అక్కర్లేని చోట గంటలు పోగొట్టుకుంటారు. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది అంటే 0.5 మి.మీ. చుక్క, గుండుసూది తలకాయంత కూడా ఉండదు. పెల్లెట్ 4.5 మి.మీ. కాబట్టి దాని అంచు ఆ చుక్కను తాకితే పది వస్తుంది. ఇప్పుడు ఫైనల్‌కి ముందు జరిగే క్వాలిఫికేషన్లో కూడా దశాంశాలు లెక్కపెడతారు, ఒక షాటుకు అన్నిటికన్నా ఎక్కువ 10.9, అది రావాలంటే పెల్లెట్ నడిమి భాగం టార్గెట్ నడిమికి పావు మిల్లీమీటరు లోపల పడాలి, ఆ తర్వాత ప్రతి పావు మిల్లీమీటరుకూ 0.1 పోతుంది. 60 షాట్ల మీద ఒక్కోదానికి 0.1 పోయినా మొత్తం 6 పాయింట్లు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా, ఫిన్లండ్ షూటర్ హెన్రీ హక్కినెన్ చివరి షాటుకు ముందు సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టి స్వర్ణం తెచ్చాడు, హక్కినెన్ 9.7 కొట్టి కాంస్యానికి దిగిపోయాడు. అంత దగ్గర పోటీలో చేతి పొరపాటు ఒకటి చాలు, పెల్లెట్ పొరపాటు కూడా దానికి తోడవకూడదు.

కావలసిన సామాను పెద్దగా ఏం లేదు. తెల్ల టవల్ ఒకటి, మంచి వెలుతురు, బొమ్మలు పెద్దవిగా చూపే భూతద్దం, చిన్న అద్దం ముక్క, మిల్లీగ్రాము వరకు చూపించే చిన్న తూకం, ఐస్ ట్రేలు నాలుగు, ఒక నోటుబుక్కు. తూకం నేను ఆచారి వీధిలో కొన్నాను, బంగారం పనివాళ్లు వాడే రకం, 0.001 గ్రాము చూపించాలి. 0.01 గ్రాము చూపించేది కొంటే డబ్బు దండగ, ఎందుకంటే పెల్లెట్ల మధ్య తేడాలు దాదాపుగా దానికి కనపడవు. చేతులకు పల్చటి గ్లౌజులు వేసుకోండి. పెల్లెట్ సీసం, వంటింటి బల్ల మీద ఈ పని పెట్టుకోవద్దు, మధ్యలో ఏమీ తినొద్దు, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, టవల్ వేరుగా ఉతకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లు నిద్రపోయాకే టిన్ను తీయండి.

కళ్లతో ఏరడం

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, అన్నిటికన్నా ఎక్కువ మంది వదిలేసేదీ ఇదే. మా నాయనమ్మ మొలకొలుకుల బియ్యం చేటలో పోసుకుని అరుగు మీద కూర్చుని రాళ్లు ఏరేది, ఒక్కో గింజా చూసేది కాదు, పలచగా పరిచి చూపు అట్లా తిప్పేది, తేడాగా ఉన్నది దానంతట అదే కళ్లలో పడేది. పెల్లెట్లకీ అదే పద్ధతి. టిన్ను బోర్లించొద్దు, పక్కకి వంచి టవల్ మీదికి ఇరవై ముప్పై మెల్లిగా జార్చండి. పోటీ పెల్లెట్‌కి ముందు చదునైన తల ఉంటుంది, నడుము సన్నగా ఉంటుంది, వెనక బోలుగా వెడల్పుగా ఉండేదాన్ని స్కర్ట్ అంటారు. కాల్చినప్పుడు గాలి ఒత్తిడికి ఆ స్కర్ట్ విచ్చుకుని బ్యారెల్ గోడకు అతుక్కుంటుంది, అప్పుడే వెనక గాలి ముందుకు తప్పించుకోదు, లోపలి గాడులు పెల్లెట్‌ని పట్టుకుని తిప్పగలుగుతాయి. స్కర్ట్ అంచు ఒక వైపు నొక్కుకుపోయి ఉంటే అది బ్యారెల్‌లోంచి బయటపడేటప్పుడు గాలి ఒక పక్కన ముందు తప్పించుకుంటుంది, పెల్లెట్ వంకరగా బయల్దేరుతుంది. మీ గురి సరిగ్గా ఉన్నా అది ఎనిమిదిలోకి పోవచ్చు.

అన్నిటినీ స్కర్ట్ పైకి వచ్చేలా నిలబెట్టి పై నుంచి చూడండి. గుండ్రంగా లేనిది, అంచు మడతపడ్డది, లోపల సీసం పొట్టు అతుక్కున్నది పక్కన పెట్టండి. తర్వాత ఒక్కోటి తిప్పి తల చూడండి, చదును మీద గీత, గుంట ఉంటే అది కూడా పక్కకే. వంగిన స్కర్ట్‌ని పెన్సిల్ మొన పెట్టి సరిచేస్తాం అనే వాళ్లు ఉన్నారు, నేనూ చేసి చూశాను. గుండ్రంగా వచ్చినట్టే కనపడుతుంది కానీ కొలత మారిపోతుంది, పోటీకి వాడొద్దు. పక్కన పెట్టినవి పారేయొద్దు, నిలబడే తీరు, ట్రిగ్గర్ నొక్కే తీరు నేర్చుకునే రోజు వాటితో కాల్చొచ్చు.

దొర్లించి చూడటం

పోటీ పెల్లెట్ డబ్బాల మీద హెడ్ సైజు (తల వ్యాసం, మిల్లీమీటర్లలో) రాసి ఉంటుంది, 4.49, 4.50, 4.51 అట్లా. ఒకే డబ్బాలో అన్నీ అంతే ఉన్నాయా అని వెర్నియర్ కాలిపర్ (రెండు దవడల మధ్య పెట్టి కొలిచే సాధనం) తీసుకుంటారు చాలామంది. వద్దని చెప్తాను. మామూలు డిజిటల్ కాలిపర్‌లో 0.02 మి.మీ. అటూఇటూ తేడా రావడం సహజం, మనం వెతికేది 0.01 తేడా. పైగా సీసం మెత్తన, దవడలు కాస్త గట్టిగా నొక్కితే కొలిచే మనమే దాన్ని నొక్కేస్తాం. కాలిపర్‌ని పొడవు చూడ్డానికి మాత్రం వాడండి, అదీ దవడలు తగిలీ తగలనట్టు పెట్టి. పొడవు మిగతావాటికన్నా తేడాగా చూపిస్తే స్కర్ట్ అంచు దెబ్బతిని ఉంటుంది, కళ్లు తప్పించుకున్నవి అప్పుడు దొరుకుతాయి.

హెడ్ సైజుకి మంచి ఉపాయం అద్దం. తల ఒక సైజు, స్కర్ట్ ఇంకొంచెం పెద్ద సైజు కాబట్టి పెల్లెట్‌ని పడుకోబెట్టి దొర్లిస్తే తిన్నగా పోదు, పేపర్ టీ కప్పు నేల మీద దొర్లినట్టు వంపు తిరుగుతూ పోతుంది. తల, స్కర్ట్ మధ్య తేడాని బట్టి ఆ వంపు మారుతుంది. లెక్క వేసి చూశాను. ఆ తేడా పావు మిల్లీమీటరు, రెండు అంచుల మధ్య దూరం 4 మి.మీ. అనుకుంటే వంపు వ్యాసార్ధం ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, తల 0.01 మి.మీ. మారితే ఆ వ్యాసార్ధం మూడు మిల్లీమీటర్ల దాకా మారుతుంది. కాలిపర్‌కి అందనిది అద్దం మీద ఇంత పెద్దదై కనపడుతుంది!

అద్దం ముక్క కింద ఒక వైపు పల్చటి నోటుబుక్కు పెట్టి కొద్దిగా వాలుగా ఉంచండి. పై అంచున ఒక స్కేలు అడ్డంగా పెట్టి దానికి ఆనించి పెల్లెట్ పడుకోబెట్టండి, తల ప్రతిసారీ ఒకే వైపు ఉండాలి, స్కేలు మెల్లిగా పైకి ఎత్తితే అదే దొర్లుతుంది. మీరు వేలితో నెట్టొద్దు. రెండున్నర అంగుళాలు దొర్లితే చాలు, వాలు అంతకన్నా పొడుగుంటే పెల్లెట్ పూర్తిగా పక్కకు తిరిగి ఆగిపోతుంది. కింద అంచున తెల్లకాగితం మీద మిల్లీమీటర్ల గీతలు గీసి పెట్టుకోండి, దాని ముందు టవల్ పరవండి. మొదటి ఇరవై దొర్లించగానే ఎక్కువ భాగం ఏ గీతల మధ్య దిగుతున్నాయో తెలిసిపోతుంది. ఆ గుంపులోవి పోటీ ట్రేలోకి, దానికి ఎడమన దిగేవి ఒక ట్రేలోకి, కుడిన దిగేవి ఇంకో ట్రేలోకి, దొర్లేటప్పుడు కుంటుతూ ఎగిరెగిరి పోయేవి ప్రాక్టీసులోకి. మన వైపు చెరువుల దగ్గర రొయ్యల్ని కౌంట్ ప్రకారం, అంటే కిలోకి ఎన్ని తూగుతాయో చూసి వేరు చేస్తారు చూడండి, చిన్నదైనా పెద్దదైనా ధర ఉంటుంది, కలిపేస్తేనే నష్టం. ఇక్కడా అంతే, ఎడమ ట్రే చెడ్డదేం కాదు, దాన్ని కుడి ట్రేతో కలపకుండా విడిగా వాడితే చాలు.

అద్దం మీద దుమ్ము ఉంటే ఇదంతా వృథా. ప్రతి ఇరవైకీ మెత్తటి బట్టతో తుడవండి.

తూకం

అందరూ మొదట చేసే పని తూకం, నేను చివర చెప్తున్నాను, కారణం ఉంది. పోటీ పెల్లెట్ 0.53 గ్రాముల దగ్గర ఉంటుంది, వేగం సెకనుకు 170 మీటర్లకు అటూఇటూ. పది మీటర్లు పోయేసరికి అది భూమ్యాకర్షణకు సుమారు 17, 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, ఆ దిగుడుని గురి చూసే సైట్లు సరిచేసుకుంటాయి. ఒక పెల్లెట్ 0.005 గ్రాము, అంటే నూటికి ఒక వంతు బరువు ఎక్కువుంటే అది ఇంకో 0.2 మి.మీ. లోపే కిందికి దిగుతుంది. దశాంశంలో ఒక మెట్టు కూడా పూర్తిగా పోదు. అదే స్కర్ట్ వంగితే ఎనిమిది పడొచ్చు. ఇప్పుడు చెప్పండి, ఏది ముందు చూడాలి?

అయినా తూకం మానేయమని అనను. మిగతావాటికి బాగా దూరంగా ఉన్న పెల్లెట్ ఉందంటే దాని లోపల బుడగో, బయట అతుక్కున్న పొట్టో ఉన్నట్టు, అలాంటిది కళ్లకి దొరక్కపోవచ్చు. కాబట్టి 0.005 గ్రాము చొప్పున మూడు నాలుగు గుంపులు చేస్తే సరిపోతుంది, మిల్లీగ్రాముకో గిన్నె పెట్టుకుని రాత్రంతా కూర్చోనవసరం లేదు. మాకు ఒక టిన్ను 500లో చాలా భాగం మధ్య రెండు గుంపుల్లోనే పడుతుంది.

తూకం దగ్గర ఫ్యాను ఆపాలి. మే నెలలో నెల్లూరులో ఫ్యాను ఆపమంటే కష్టమే, కానీ గాలి తగిలితే అంకెలు ఆగవు. ఆచారి వీధిలో తూకం అమ్మిన పెద్దాయన అదే చెప్పాడు, "గాలి తగిలితే తూకం నిలవదు నాయనా, అందుకే మేం అద్దాల పెట్టెలో పెడతాం" అని. నేను తెల్లవారుజామున ఐదు గంటలకు చేస్తాను, చల్లగా ఉంటుంది, ఫ్యాను అక్కర్లేదు. తూకం ఆన్ చేసి పది నిమిషాలు వదిలేయండి, దాంతో వచ్చిన గుండు పెట్టి సరిచూడండి, ప్రతి ఇరవై పెల్లెట్లకు ఒకసారి ఖాళీ పళ్లెం సున్నా చూపిస్తుందో లేదో చూడండి. సెల్‌ఫోన్ దూరంగా పెట్టండి. పెల్లెట్‌ని పళ్లెంలో పడేయొద్దు, ప్లాస్టిక్ పట్టకారుతో నడుము దగ్గర పట్టుకుని దించండి.

ఒకే లోతులో కూర్చోబెట్టడం

ఇంత ఏరి చివరికి రైఫిల్లో ఒక్కోసారి ఒక్కోలా పెడితే పడిన కష్టమంతా అక్కడే పోతుంది. తూటా పొడవు గురించి రీలోడర్లు (ముందు చెప్పిన, తూటాలు మళ్లీ నింపుకునేవాళ్లు) పడే తపన మనకు ఈ అడుగులో వస్తుంది. పోటీ రైఫిళ్లలో లివర్ మూసినప్పుడు ఒక పుల్ల పెల్లెట్‌ని లోపలికి నెడుతుంది, లోతు అదే చూసుకుంటుంది. అక్కడ మనం చేయాల్సింది పెల్లెట్‌ని అది పెట్టే గాడిలో తిన్నగా పడుకోబెట్టడం, లివర్‌ని ప్రతిసారీ ఒకే నిదానంతో మూయడం. పెల్లెట్ వంకరగా ఉండగా టక్కున మూస్తే తల అంచు చెక్కుకుపోతుంది, అది మీకు కనపడదు కూడా. మా పాపకి నేర్పింది ఇదే, లివర్ ఎప్పుడూ ఉండేదానికన్నా బిగుతుగా గానీ, మరీ వదులుగా గానీ తగిలితే ఆ షాటు మీద నమ్మకం పెట్టుకోవద్దు, ప్రాక్టీసులో అయితే నోటుబుక్కులో గుర్తు పెట్టుకో అని.

బ్యారెల్ మడిచి గాలి ఎక్కించే స్ప్రింగు రైఫిళ్లతో నేర్చుకునే పిల్లలు చాలామంది, వాటిలో పెల్లెట్‌ని బొటనవేలితో నొక్కుతాం. వేలు మెత్తన, ఒకసారి స్కర్ట్ అంచు బయటికి తేలుతుంది, ఒకసారి లోపలికి పోతుంది. అంచు బయట ఉండగా బ్యారెల్ మూస్తే అది నలుగుతుంది, వేగం మారుతుంది. దీనికి గుండ్రటి కొన ఉన్న ప్లాస్టిక్ లేదా చెక్క పుల్ల ఒకటి చేసుకోండి, కొన నుంచి ఎంత లోపలికి పోవాలో అక్కడ ఒక అడ్డం ఉండాలి, ప్రతి పెల్లెట్ ఆ అడ్డం తగిలేదాకా నొక్కాలి. స్కర్ట్ అంచు బ్యారెల్ ముఖంతో సమానంగా గానీ, దానికి వెంట్రుకవాసి లోపలికి గానీ ఉంటే బాగుంటుంది. రెండూ పది పదిగా కాల్చి టార్గెట్ మీద ఏది రంధ్రాల్ని దగ్గర దగ్గరగా గుంపు పెడితే దానికే కట్టుబడండి. ఇనుప పుల్ల వాడొద్దు, బ్యారెల్ నోరు గీసుకుపోతుంది. ఇంకో మాట, ఇది మాత్రం మరవొద్దు: మడిచిన బ్యారెల్‌ని ఒక చేత్తో గట్టిగా పట్టుకునే పెల్లెట్ పెట్టాలి. పట్టు జారి బ్యారెల్ ఒక్కసారిగా మూసుకుంటే వేలు తెగుతుంది.

కాల్చి సరిచూడటం

ఏరినవాటికీ ఏరనివాటికీ మీ రైఫిల్లో తేడా ఉందా లేదా టార్గెట్టే చెప్పాలి. చెక్క పెట్టెలో పాతగుడ్డలు కుక్కి వెనక ఇనుప రేకు పెట్టుకోండి, దాని వెనక గోడ తప్ప మనుషులు తిరిగే చోటు ఉండకూడదు. రైఫిల్‌ని చేత్తో పట్టుకుని కాలిస్తే మీ చేతి తప్పు, పెల్లెట్ తప్పు కలిసిపోతాయి. రెండు సంచుల్లో పొడి ఇసుక పోసి (మాది పెన్నా ఇసుకే) ముందొకటి వెనకొకటి ఆనించండి. స్ప్రింగు రైఫిల్ అయితే సంచి మీద గట్టిగా బిగించొద్దు, అది వెనక్కి తన్నేటప్పుడు స్వేచ్ఛగా కదలాలి. బ్యారెల్ తుడిచి ఉంటే ముందు పది ఇరవై ఊరికే కాల్చండి, లోపల పల్చటి సీసం పూత పట్టేదాకా గుంపు స్థిరపడదు. సిలిండర్‌లో గాలి నింపుకునే రైఫిల్ అయితే పరీక్ష మొదలుపెట్టేటప్పుడు గాలి ప్రతిసారీ ఒకే స్థాయిలో ఉండాలి.

ఐదేసి షాట్లతో గుంపులు కాల్చండి, ఏరినవి ఐదు గుంపులు, ఏరనివి ఐదు గుంపులు, ఒకటి మార్చి ఒకటి. ట్రేల మీద పేర్లు లేకుండా ఇంట్లో వాళ్ల చేత అందించుకోండి, ఏది ఏరినదో తెలిస్తే మన చెయ్యి తెలియకుండానే జాగ్రత్త పడుతుంది. ప్రతి గుంపులోనూ దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి అందులోంచి 4.5 మి.మీ. తీసేయండి, మిగిలింది రాసుకోండి. ఒక మంచి గుంపు చూసి సంబరపడొద్దు, ఐదింటి సగటు చూడండి.

ఏరినవి దాచేటప్పుడు ఐస్ ట్రే గుంటల్లో దూది వేసి పెట్టండి, మూత లోపల స్పాంజి ముక్క పెడితే లోపల కదలవు. సముద్రం దగ్గర ఊళ్లు మనవి, గాలిలో తేమ ఎక్కువ, సీసం మీద తెల్లటి పొడి పడుతుంది, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి వేయండి. పోటీకి వెళ్లేటప్పుడు కావలసినంతే, ప్రాక్టీసు షాట్లతో కలిపి ఓ 120, చేతి సంచిలో పెట్టుకోండి, బస్సు డిక్కీలో వేయొద్దు.

చివరిగా టిన్ను వెనక లాట్ నంబర్ (ఒకే విడతలో తయారైనవాటికి ఇచ్చే నంబరు) ఉంటుంది, అది నోటుబుక్కులో గుంపు కొలతల పక్కనే రాయండి. ఒకే కంపెనీ, ఒకే హెడ్ సైజు అయినా లాట్ మారితే గుంపు మారుతుంది. ఒక లాట్ మీ రైఫిల్‌కి కుదిరిందని తెలిసిన రోజే అదే నంబరు ఉన్న టిన్నులు ఇంకో నాలుగు తెప్పించుకోండి, వచ్చే నెలకి ఆ నంబరు దొరక్కపోవచ్చు.